కాక్లియర్ ఇంప్లాంట్ తర్వాత తూలుడు తగ్గాలంటే: ఇంటి దగ్గర చేయాల్సిన పని, దశలవారీగా

కాక్లియర్ ఇంప్లాంట్ అంటే వినికిడి పోయినవాళ్లకి లోపలి చెవిలో సన్నని తీగ పెట్టి, శబ్దాన్ని కరెంటు రూపంలో నరానికి అందించే పరికరం. ఆ ఆపరేషన్‌కి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లం ఎక్కువమందిమి విశాఖే వెళ్తాం. కట్టు విప్పి ఇంటికొచ్చాక ఊళ్లో అందరూ అడిగేది "వినబడతందా?" అనే. మంచం దిగగానే గోడ పట్టుకోవాల్సి వస్తోందన్న సంగతి ఎవరూ అడగరు. మనమే చెప్పుకున్నా "నీరసంలే, అదే పోద్ది" అంటారు. ఆర్ఎంపీ గారిని పిలిచి ఒక సెలైన్ సీసా ఎక్కించి, పది రోజులు మంచం దిగొద్దంటారు.

నేను ఫిజియోథెరపిస్టుని. విశాఖలో ఆపరేషన్ చేయించుకుని వచ్చి ఇక్కడ నడక కుదరక మా దగ్గరికి వచ్చేవాళ్లని చూస్తుంటాను. వాళ్లందరికీ మొదట చెప్పేది ఇదే: సెలైన్‌తో ఈ తూలుడు పోదు, పడుకుంటే ముదురుతుంది. తల కదిపితేనే తగ్గుతుంది. ఎప్పటి నుంచి కదపాలి, ఎంత కదపాలి, ఎక్కడ ఆగాలి అన్నది కింద వివరంగా రాస్తున్నాను. మీ సర్జన్ చెప్పిన మాటకీ దీనికీ తేడా వస్తే సర్జన్ మాటే వినండి. మీ చెవి లోపల చూసింది ఆయన.

అసలు చెవిలో ఏం జరుగుతుంది

లోపలి చెవిలో వినికిడి, ఒంటి నిలకడ రెండూ ఒకే గూటిలో ఉంటాయి. వినికిడికి నత్త ఆకారంలో కాక్లియా ఉంటుంది. నిలకడకి మూడు సన్నని గొట్టాలు, యుట్రికిల్, శాక్యూల్ అనే రెండు చిన్న సంచులు ఉంటాయి. తల ఎటు తిరిగిందో గొట్టాలు పసిగడతాయి. తల వాలడం, ఒళ్లు ముందుకో పైకో కిందకో కదలడం సంచుల పని. వీటన్నిటిలోనూ ఉండే ద్రవాలు కాక్లియాలోని ద్రవాలతో కలిసే ఉంటాయి. ఎలక్ట్రోడ్ తీగని కాక్లియాలోకి పంపేటప్పుడు ఆ ద్రవం కొంత బయటికి రావచ్చు, లోపల వాపు రావచ్చు, సన్నని పొరలు కందిపోవచ్చు. కాక్లియాకి బాగా దగ్గరగా ఉండేది శాక్యూల్ కాబట్టి ఎక్కువగా దెబ్బ తినేదీ అదే. ఎముకని డ్రిల్‌తో తొలిచేటప్పుడు ఆ అదురుకి సంచిలోని సున్నపు పలుకులు ఊడి గొట్టాల్లోకి జారిపోవడం కూడా ఉంది.

కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి ఉన్నట్టుండి మెత్తబడితే బండి ఒక పక్కకి లాగేస్తుంది. ఆపరేషన్ అయిన చెవి నుంచి కబురు తగ్గగానే జరిగేది అదే. గది తిరుగుతుంది, వాంతులొస్తాయి, నడక ఒక పక్కకి ఒరుగుతుంది. చాలామందిలో గిర్రున తిరగడం కొద్ది రోజుల్లోనే ఆగుతుంది. మిగిలిన తూలుడు పోవాలంటే మెదడు కొత్త లెక్క నేర్చుకోవాలి. దానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా పట్టొచ్చు. తల కదిలినప్పుడు కంటి ముందున్న వస్తువు చెదిరితేనే మెదడుకి తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. కళ్లు మూసుకుని పడుకున్న మనిషి మెదడుకి సరిదిద్దుకోవడానికి ఏమీ దొరకదు.

మొదటి దశ: ఆపరేషన్‌కి ముందే

ఇంకా ఆపరేషన్ కాని వాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఏ చెవికి ఇంప్లాంట్ పెట్టాలో తేల్చేటప్పుడు వినికిడితో పాటు నిలకడ కూడా చూడమని అడగండి. చెవిలోకి వేడి, చల్లని నీళ్లో గాలో పంపి చేసే కెలోరిక్ పరీక్ష, తలని ఒక్క ఉదుటున తిప్పి కళ్ల కదలికని కెమెరాలో చూసే వీహిట్, శాక్యూల్ పనితీరుని మెడ కండరాల మీద పట్టీలు పెట్టి కొలిచే వెంప్ ఇందుకే ఉన్నాయి. ఇవి అన్నిచోట్లా చేయరు, కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి. ఒక చెవిలో నిలకడ భాగం అప్పటికే పోయి, రెండో చెవి మీదే మనిషి నిలబడుతున్నాడనుకోండి. ఆ మంచి చెవిని ముట్టుకోవాలా వద్దా అన్నది సర్జన్‌తో కూర్చుని మాట్లాడాల్సిన విషయం.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీ సరిగా పనిచేయని వాళ్లలో అవి పేరుకుని లోపలి చెవిని దెబ్బ తీస్తాయి. జెంటామైసిన్ అయితే వినికిడి కన్నా నిలకడనే ఎక్కువ తింటుంది, అదీ రెండు పక్కలా. అలా చెవులు పోయినవాళ్లకి గది తిరగదు. నడుస్తుంటే ఎదురుగా ఉన్న బోర్డు అక్షరాలు ఎగురుతాయి, చీకట్లో కాళ్ల కింద నేల తెలియదు. మీకు ఇలాంటి ఇంజెక్షన్లు ఎప్పుడైనా పడి ఉంటే పాత చీటీలు వెతికి సర్జన్‌కి చూపించండి.

న్యుమోకాకల్ టీకా సంగతీ ఇప్పుడే తేల్చుకోవాలి. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి మెదడు పొరల వాపు ముప్పు మామూలు వాళ్ల కన్నా ఎక్కువ. టీకా ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందు పడితే మంచిది.

రెండో దశ: మొదటి వారం

విశాఖ నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైనే. డిశ్చార్జి అయిన రోజు బస్సు వెనక సీట్లో కూర్చుని రాకండి. కారు మాట్లాడుకోగలిగితే ముందు సీట్లో కూర్చుని, ఫోన్ చూడకుండా దూరంగా రోడ్డు మీద కళ్లు పెట్టండి. వాంతికి ఒక కవరు చేతిలో ఉంచుకోండి.

ఇంటికొచ్చాక తల కింద దిండు కాస్త ఎత్తుగా పెట్టుకోండి. ముక్కు గట్టిగా చీదొద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. బిందెలు, బస్తాలు ఎత్తొద్దు, దొడ్డికి కూర్చున్నప్పుడు ముక్కొద్దు. ఇవన్నీ లోపలి చెవి మీద ఒత్తిడి పడకుండా, ద్రవం కారకుండా ఉండడానికి. రెండు మూడు వారాలు ఇలా గడపాలి.

లేవడానికి ఒక పద్ధతి ఉంది. పక్కకి ఒత్తిగిలి, చేత్తో ఊతమిచ్చి కూర్చోవాలి. కాళ్లు కిందకి వేలాడేసి, ఎదురుగా గోడ మీద కదలని ఒక వస్తువుని చూస్తూ ఒక నిమిషం ఆగాలి. కేలండర్‌లోని దేవుడి బొమ్మయినా సరే. తర్వాతే నిలబడాలి. రెండో రోజు నుంచి ఇంట్లోనే పక్కన ఒక మనిషితో నాలుగైదు సార్లు నడవండి.

ఇక మాత్రలు. ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్ లాంటివి వాంతుల్ని, తిరుగుడుని అణుస్తాయి. మొదటి రెండు మూడు రోజులు అవి కావాలి, తప్పులేదు. గొడవంతా ఆ చీటీ పట్టుకుని మెడికల్ షాపులో నెలల తరబడి కొనుక్కోవడంతో వస్తుంది. అవి మెదడుని మందగింపజేస్తాయి, కాబట్టి అలవాటు పడే పని వెనకబడుతుంది. పెద్ద వయసు వాళ్లు ఎక్కువ కాలం వాడితే చేతులు వణకడం, అడుగు పడకపోవడం కూడా మొదలవుతాయి. బీటాహిస్టిన్ ఆ కోవలోది కాదు, అయినా అది వ్యాయామానికి బదులు పనిచేయదు. ఏ మాత్ర ఎన్ని రోజులో చీటీ మీద రాయించుకుని రండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆగకూడదు: జ్వరంతో మెడ బిగుసుకోవడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి ద్రవం కారడం, మూతి ఒక పక్కకి పోవడం, భరించలేని తలనొప్పి, మాట తడబడడం, చెయ్యో కాలో పడిపోవడం. ఊళ్లో సెలైన్ పెట్టించుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

మూడో దశ: మీ తూలుడు ఏ రకమో తేల్చుకోండి

వారం పది రోజులకి తీవ్రత తగ్గుతుంది. అప్పుడు గమనించండి. మంచం మీద ఒక పక్కకి తిరిగినప్పుడో, అటక మీదికి చూసినప్పుడో మాత్రమే గది గిర్రున తిరిగి నిమిషం లోపు ఆగిపోతుంటే అది పలుకులు జారిన రకం. దానికి వ్యాయామాలతో కాలయాపన వద్దు. తలని వరసగా కొన్ని భంగిమల్లో తిప్పి పలుకుల్ని వెనక్కి పంపే ఎప్లీ పద్ధతి ఉంది, చాలాసార్లు ఒకటి రెండు దఫాల్లో తగ్గిపోతుంది. వీడియో చూసి సొంతంగా చేసుకోకండి. కుట్లు పచ్చిగా ఉన్న తలని మంచం అంచు నుంచి వేలాడేయడం సర్జన్ ఒప్పుకున్నాకే, తెలిసినవాళ్ల చేతే జరగాలి.

తల చురుగ్గా తిప్పితే మసకబారి తూలడం, ఒక పక్కకే ఒరగడం ఒక చెవి బలహీనత. అక్షరాలు ఎగరడం, చీకట్లో నిలబడలేకపోవడం రెండు చెవుల బలహీనత. నిలబడగానే మాత్రమే కళ్లు బైర్లు కమ్ముతుంటే బీపీ పడిపోతోందేమో చూడాలి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచిన మూడు నిమిషాల్లోపు ఒకసారి కొలిపించండి. పై అంకె 20 తగ్గితే బీపీ మాత్రలు రాసిన డాక్టర్‌ని కలవాలి.

నెలలు బాగుండి, తర్వాత ఒక రోజు చెవి బిగదీసి, హోరెత్తి, గంటల తరబడి తిరిగితే అది లోపలి ద్రవం ఒత్తిడి పెరిగిన రకం కావచ్చు. డాక్టర్ ఉప్పు తగ్గించమంటే కూరలో ఉప్పు ఒక్కటే కాదు, ఊరగాయ, ఎండుచేపలు కూడా లెక్కలోకి వస్తాయి. మన ఇళ్లల్లో అసలు కష్టం అక్కడే.

నాలుగో దశ: కొలత రాసుకోండి

గది మూలలో, రెండు గోడలకీ జానెడు దూరంలో, మూలకి వీపు పెట్టి నిలబడండి. ముందు బరువైన చెక్క కుర్చీ గానీ ఇనప మంచం కోడు గానీ ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, పట్టుకుంటే మనతో పాటే వస్తుంది. పాదాలు దగ్గరగా పెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని, కళ్లు తెరిచి 30 సెకన్లు, తర్వాత కళ్లు మూసి 30 సెకన్లు నిలబడి చూడండి. అది కుదిరితే బొంత నాలుగు మడతలు వేసి దాని మీద అదే చేయండి. మెత్తటి దాని మీద కళ్లు మూసుకుంటే కంటి సాయం, కాలి సాయం రెండూ పోతాయి, చెవి ఒక్కటే మిగులుతుంది. చాలామంది తూలేది అక్కడే.

పక్కన మనిషి తప్పనిసరి. అయితే ఇంకా ప్రాసెసర్ (శబ్దాన్ని పట్టి లోపలి ఇంప్లాంట్‌కి పంపే, చెవి బయట పెట్టుకునే యంత్రం) పెట్టని మనిషికి "ఆగు, పడతావు" అని అరిచినా వినబడదు. కళ్లు మూసుకుంటే పెదాలూ కనబడవు. అందుకని ముందే తట్టుడు భాష పెట్టుకోండి: భుజం మీద ఒక తట్టు అంటే కళ్లు మూసుకో, రెండు తట్లు అంటే తెరువు, గట్టిగా పట్టుకుంటే ఆగిపో. ఈ చిన్న ఏర్పాటు లేక భయంతో బిగుసుకుపోయేవాళ్లే ఎక్కువ.

ఎన్ని సెకన్లు నిలబడ్డారో వారానికోసారి ఒక నోటుబుక్కులో రాయండి. ప్రాసెసర్ వచ్చాక పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి కొలవండి. చుట్టూ చప్పుడు తెలిస్తే కొందరికి నిలకడ కాస్త మెరుగ్గా ఉంటుంది.

ఐదో దశ: అసలు వ్యాయామం

సర్జన్ తల కదపొచ్చు అన్నాక మొదలుపెట్టాలి. తెల్లకాగితం మీద స్కెచ్ పెన్నుతో 'క' అనే ఒక్క అక్షరం రాసి, కంటి ఎత్తులో గోడకి అంటించండి. కాగితం వెనక గోడ ఖాళీగా ఉండాలి. మూడు నాలుగు అడుగుల దూరంలో కూర్చోండి. కళ్లు అక్షరం మీదే ఉంచి, తలని మాత్రం ఎడమకీ కుడికీ కొద్దికొద్దిగా, కాదు కాదన్నంత మేర తిప్పండి. అక్షరం అంచులు చెదరకుండా ఉన్నంత వేగమే మీ వేగం. మసకబారితే తగ్గించండి. మరీ తేలికగా ఉంటే ఫలితం లేదు, పెంచండి. మొదట్లో 20, 30 సెకన్లు చాలు, మెల్లగా ఒక నిమిషానికి తీసుకెళ్లండి. తర్వాత అవును అవునన్నట్టు పైకీ కిందకీ. మధ్యలో తల కుదుటపడేదాకా ఆగండి.

ఇది రోజుకి మూడుసార్లకి తగ్గకూడదు. అన్నీ కలిపి కనీసం 12 నిమిషాలు కావాలి. నెలలు గడిచినా తగ్గని పాత తూలుడైతే 20 నిమిషాలు. ఒక్కసారే 12 నిమిషాలు చేసి మంచమెక్కే కన్నా, టీ తాగాక, మధ్యాహ్నం అన్నానికి ముందు, సాయంత్రం దీపం పెట్టే వేళకి పంచుకుంటే సాగుతుంది.

చేస్తుంటే కాస్త తిరిగినట్టు ఉండడమే కావాల్సింది. ఆపాక పావుగంట, ఇరవై నిమిషాల్లో సర్దుకోవాలి. గంటసేపు వదలకపోతే ఆ పూట ఎక్కువైందన్నమాట, మర్నాడు సగం చేయండి. పూర్తిగా మానొద్దు. ఒక మామ్మ రెండో రోజే కాగితం చింపేసింది. "బాబూ, ఇది సేత్తంటే బుర్ర తిరిగిపోతంది, నాకొద్దు." "తిరగాలనే మామ్మా, తిరగకపోతే నీ బుర్రకి తెలీదు" అంటే నమ్మలేదు. వాళ్ల మనవరాలు కొత్త కాగితం మీద తన పేరు మొదటి అక్షరం రాసి అంటించాక మళ్లీ కూర్చుంది.

కూర్చుని కుదిరాక నిలబడి, తర్వాత పాదాలు దగ్గర పెట్టి, తర్వాత బొంత మీద, తర్వాత గళ్ల చీరో పూల దుప్పటో వెనక వేలాడదీసి దాని మీద కాగితం పెట్టి చేయండి. ఆఖరిది తక్కువ అనుకోకండి. సంతలో, బట్టల కొట్లో కళ్లు చెదిరేవాళ్లకి సాధన అదే.

నడక కూడా ఇదే వరసలో. అరుగు పొడవునా గోడకి పక్కగా నడుస్తూ మూడడుగులకోసారి తల ఎడమకి, మూడడుగులకోసారి కుడికి. తర్వాత ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకి తగిలేలా. తర్వాత వీధిలో, మనుషులు తక్కువున్న వేళ. విజయనగరంలో వాళ్లకి పెద్దచెరువు గట్టు, శ్రీకాకుళంలో వాళ్లకి ఏదైనా కాలేజీ మైదానం సరిపోతాయి. పొలం గట్టు ఆఖరు. వంకరగా, మెత్తగా, ఇరుకుగా ఉండే ఆ గట్టు మీద తడబడకుండా నడిచారంటే బయటి పనులకి చాలావరకు సిద్ధమైనట్టే. సముద్రం ఒడ్డున ఇసకలో నడక కూడా మంచిదే, కళింగపట్నం వెళ్తే చేయండి, కానీ నీళ్లలోకి దిగకుండా. ఎందుకో కింద చెప్తాను.

ఆరో దశ: ప్రాసెసర్ పెట్టే రోజు

ఆపరేషన్ అయిన రెండు నుంచి నాలుగు వారాలకి ప్రాసెసర్ ఆన్ చేస్తారు. కొందరికి ఆన్ చేయగానే తూలినట్టో, ముఖం ఒక పక్క లాగినట్టో అనిపిస్తుంది. కరెంటు పక్క నరాలకి చేరడం వల్ల అలా జరగొచ్చు. భరించుకుని ఊరుకోకుండా ఆడియాలజిస్టుకి, అంటే వినికిడి నిపుణులకి, అక్కడే చెప్పండి. మ్యాపింగ్‌లో, అంటే ప్రాసెసర్ పంపే కరెంటు ఎంతో అమర్చేటప్పుడు, సరిచేసే వీలుంటుంది.

పిల్లల విషయం వేరు

పుట్టు చెవుడున్న పిల్లల్లో చాలామందికి ఆపరేషన్‌కి ముందే నిలకడ లోపం ఉంటుంది. వాళ్లకి గది తిరగదు, ఏడవరు, చెప్పరు. ఆలస్యంగా నడుస్తారంతే. నాలుగో నెలకి మెడ నిలవకపోవడం, తొమ్మిదో నెలకి ఊతం లేకుండా కూర్చోకపోవడం, ఏడాదిన్నర దాటినా నడవకపోవడం గమనించాల్సిన గుర్తులు. నాలుగేళ్ల పిల్లాడు ఒంటికాలి మీద నాలుగైదు సెకన్లు, ఐదేళ్లవాడు పది సెకన్ల దాకా నిలబడగలగాలి. కుంటాట ఆడించి చూడండి, అదే పరీక్ష, అదే వ్యాయామం. తొక్కుడు బిళ్ల, ఉయ్యాల, గట్టు మీద చెయ్యి పట్టుకుని నడిపించడం రోజూ ఉండాలి.

మేనరికాలు మన దగ్గర మామూలు కాబట్టి ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పుట్టుకతో చెవుడు, ఆలస్యంగా నడక, దానికి తోడు సాయంకాలమైతే వస్తువులకి గుద్దుకోవడం ఈ మూడూ కలిస్తే కంటి రెటీనా పరీక్ష చేయించండి. అషర్ సిండ్రోమ్ అనే జన్యు జబ్బులో చెవి, నిలకడ, రేచీకటి వరసగా వస్తాయి. అమ్మానాన్నలిద్దరి నుంచీ అదే జన్యులోపం వస్తేనే అది బయటపడుతుంది, దగ్గర సంబంధాల్లో ఆ అవకాశం ఎక్కువ. ముందే తెలిస్తే చూపు తగ్గేలోపు మాట నేర్పుకోవడానికి సమయం కలిసొస్తుంది. మెదడు పొరల వాపు వచ్చి వినికిడి పోయిన పిల్లలకి కూడా నిలకడ పరీక్ష తప్పనిసరి.

పదేపదే పడే పిల్లల్లో లోపల పెట్టిన ఇంప్లాంట్‌కి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. సైకిల్ తొక్కేటప్పుడు హెల్మెట్ ఉండాలి. తల మీద ఆ చోట వాపు కనిపించినా, ఉన్నట్టుండి పిలిస్తే పలకకపోయినా ఆడియాలజిస్టుకి చూపించండి.

ఇల్లు, నీళ్లు, చెట్లు

నిలకడ చెవి రెండు పక్కలా పోయిన మనిషి నీళ్లలో మునిగితే పైకి ఎటో కిందకి ఎటో తెలియదు. ఈత బాగా వచ్చినా అంతే. చెరువులో, నాగావళిలో, గెడ్డలో, సముద్రంలో ఒంటరిగా దిగొద్దు. పండగ స్నానాలకీ ఇదే మాట. కొబ్బరి, తాటి చెట్లు ఎక్కే పనివాళ్లు, మేస్త్రీలు, కరెంటు పనివాళ్లు డాక్టర్ రాసిచ్చేదాకా ఎత్తులెక్కకూడదు. బండి నడపడం కూడా తల గబుక్కున పక్కకి తిప్పినా చూపు చెదరనప్పుడే.

రాత్రి కరెంటు పోతే కంటి సాయం పోయినట్టే. తలగడ దగ్గర టార్చి, మరుగుదొడ్డి దాకా చిన్న బల్బు, గుమ్మం అంచుకి తెల్ల రంగు పెట్టుకుంటే చాలు, పెద్ద ఖర్చు లేదు. దొడ్లో నాచు పట్టిన రాళ్లు కడిగించండి. వదులు చెప్పులు వద్దు.

తిరిగి డాక్టర్ దగ్గరికి

ఆరు వారాలు శ్రద్ధగా చేసినా నోటుబుక్కులో సెకన్లు పెరగకపోతే, లేదా తగ్గింది మళ్లీ మొదలైతే సర్జన్‌ని కలవండి. రెండో చెవికి కూడా ఆపరేషన్ అనుకుంటుంటే దానికి ముందు నిలకడ పరీక్షలు మళ్లీ చేయించాలి. వెళ్లేటప్పుడు నోటుబుక్కు, వాడుతున్న మాత్రల పట్టీలన్నీ తీసుకెళ్లండి. తిరుగుడు వచ్చిన క్షణంలో కళ్లు తెరిపించి, ఎదురుగా చూడమని, ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి ఉంచండి. కళ్లు ఎటు కొట్టుకుంటున్నాయో చూస్తే ఏ చెవిదో, ఏ రకమో తేల్చడం డాక్టర్‌కి తేలికవుతుంది. మీరు విశాఖ చేరేసరికి ఆ కదలిక ఆగిపోయి ఉండొచ్చు.